పాట పైనున్న చిన్న అక్షరాలు

మీ ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే తీసి, ఏదో ఒక పేజీ తెరవండి. పాట నంబరు ఉంటుంది. పల్లవికి పైన చిన్న అక్షరాల్లో రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. పదకొండేళ్ళు మా సంఘంలో పాటలు నడిపించాను గానీ ఆ అక్షరాలను ఒక్కసారి కూడా చదవలేదు. కళ్ళు వాటి మీదుగా జారి నేరుగా పల్లవిలోకి వెళ్ళిపోయేవి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఎనభై దాటిన మామ్మగారొకరు నన్ను ఆపి, "నాయనా, ఆ పాటని ఎందుకు మార్చేశారు? మా అమ్మ ఇలా పాడేది కాదు" అన్నారు. నేను మార్చలేదు. క్యాసెట్టులో విన్న వరసే నాకు తెలుసు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూ చరణాలన్నీ పాడారు. మాటలు నేను పొద్దున పాడినవే. కానీ ఆవిడ పాడుతుంటే ప్రతి మాటా విడిగా వినిపించింది, ఊపిరి తీసుకోవడానికి చోటు దొరికింది. పక్కన కూర్చున్న కోడలు, వాకిట్లో ఉన్న మనవరాలు ఎవరూ అడక్కుండానే గొంతు కలిపారు. పొద్దున అదే పాటకు మందిరంలో రెండు కీబోర్డులు, ప్యాడ్స్, నా మైకు ఉన్నాయి. గొంతు కలిపినవాళ్ళు మాత్రం ముందు రెండు వరసలవాళ్ళే.

నేను చదువుకోవాలని తేల్చుకున్నది ఆ సాయంత్రమే. ఈ అధ్యాయం ఆరాధన నడిపించే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ చదువు గురించి. ఏ కోర్సు, ఏ కాలేజీ, ఏ డిగ్రీ అన్న ప్రశ్నలు మీకుంటాయి. ప్రతి దాన్నీ ఒక్క కొలతతో కొలవమంటాను: ఇది చదివితే నా సంఘం పాడుతుందా? మీరు ఇంకా బాగా పాడటం వేరు, మీ సంఘం పాడటం వేరు.

"అభిషేకం ఉంటే చాలదా, చదువెందుకు?" అని మన కూడికల్లో తరచు వినిపిస్తుంది. పాడగా పాడగా రాగం అనే సామెత కూడా తోడు తెచ్చుకుంటారు. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం తీసి చూడండి. దావీదు ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాలను పాట కోసం ప్రత్యేకించాడు. నేర్పు గల గాయకుల లెక్క 288. ఇరవై నాలుగు వంతులు, వంతుకు పన్నెండుమంది. వంతులు పంచడానికి చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద, గురువు శిష్యుడు అన్న తేడా చూడలేదని ఆ అధ్యాయమే చెబుతుంది. అంటే ఆ గాయకుల్లో నేర్పేవాళ్ళూ, నేర్చుకునేవాళ్ళూ ఉన్నారు. అదే గ్రంథం 15వ అధ్యాయంలో కెనన్యా అనే లేవీయుడికి పాట నేర్పే పని ఇచ్చారు, అతనికి ఆ ప్రావీణ్యం ఉంది కాబట్టి. ఆత్మ చేత నిండిన కీర్తనకారులకే శిక్షణ పెట్టిన గ్రంథం మనది. అభిషేకాన్ని అడ్డం పెట్టుకుని చదువు తప్పించుకోవడం వాక్యానుసారం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదట వాక్యం చదువు

చాలామంది సంగీతం కోర్సుతో మొదలుపెడతారు. నేను మాత్రం వేదాంత విద్యతో మొదలుపెట్టమంటాను. కారణం చెబుతాను. మంచం పట్టిన మనిషి దగ్గరకు వెళ్ళినప్పుడు పోయిన ఆదివారం ప్రసంగం ఏమిటని ఎవరం అడగం, పాట అందుకుంటాం. సంఘం దేవుని గురించి ఏం నమ్ముతుందో అది పాటల్లో స్థిరపడుతుంది. ఆ పాటలు ఎంచేది మీరు. పాస్టరు గారు ప్రసంగానికి వారమంతా సిద్ధపడతారు. మీరు పాటలను శనివారం రాత్రి ఫోనులో చూసి ఎంచితే ఆ సంఘం నమ్మకంలో సగభాగం ఎవరూ కాపలా కాయని తోట అవుతుంది.

ఒక పని చేయండి. గత ఏడాది మీ సంఘంలో పాడిన పాటలన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. ఒక్కో పాట పక్కన అది దేని గురించో రాయండి. సిలువ, పునరుత్థానం, పరిశుద్ధాత్మ, పాపపు ఒప్పుకోలు, కన్నీటి ప్రార్థన, పేదల పక్షం, స్తుతి. తర్వాత లెక్క చూడండి. నేను నా పుస్తకం చూసుకున్నప్పుడు స్తుతి, మేలులకు కృతజ్ఞత ఉన్న పాటలే పేజీల కొద్దీ ఉన్నాయి. ఏడ్చే పాట ఏడాది మొత్తానికి రెండు. బైబిలులోని 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలు, మొరలు. పంట పోయిన ఏడాది, కొడుకును పోగొట్టుకున్న నెల, మా సంఘంలో వాళ్ళు మందిరానికి వచ్చి ఏ పాటలో తమ గొంతు కలపాలి? వాళ్ళు పాడకపోవడానికి వరస, శృతి మాత్రమే కారణం కాదని అప్పుడు అర్థమైంది. వాళ్ళ మాట మా పాటల్లో లేదు.

ఇలా చూసే కన్ను చదువు వల్ల వస్తుంది. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, సిద్ధాంతం కొంతైనా పద్ధతిగా చదివినవాడు పాట వినగానే "ఈ చరణం ఏం చెబుతోంది, ఏం చెప్పకుండా వదిలేసింది" అని అడుగుతాడు. ఆరాధన నడిపించేవాళ్ళకు చదువు కావాలన్న మాటను రోమను కతోలికులు చట్టంగానే రాసుకున్నారు. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధన శాసనం, గురువిద్యాలయాల్లో ఆరాధనను ముఖ్యమైన, తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించమంది. మిషను దేశాల్లో అక్కడి ప్రజల సొంత సంగీతానికి తగిన స్థానం ఇవ్వమని, మిషనరీలు ఆ సంగీతం నేర్చుకోవాలని కూడా అందులో ఉంది. ప్రొటెస్టెంటులం మనం ఆ మాట వినడం మనకూ మేలే.

చరిత్ర చదివితే మన మీద మనకు గౌరవం కూడా పెరుగుతుంది. ఆరాధన విధానాలన్నీ పడమటి నుంచే వచ్చాయని మన కుర్రవాళ్ళ నమ్మకం. 1947 సెప్టెంబరు 27న చెన్నైలో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. 1950లో ఆ సంఘం తన ప్రభురాత్రి భోజన క్రమాన్ని తయారుచేసుకుంది. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని సమాధానం పంచుకునే పద్ధతిని, కేరళ సిరియను క్రైస్తవుల సంప్రదాయం నుంచి తీసుకుని, ఆ క్రమంలో సంఘమంతటికీ ఇచ్చారు. తరువాతి దశాబ్దాల్లో పడమటి దేశాల సంఘాలు తమ క్రమాలను దిద్దుకున్నప్పుడు దీన్ని ఆదర్శంగా చూశాయి. వాళ్ళ కాలేజీల్లో మన ఆరాధన క్రమం పాఠంగా చెబుతారు. మన ఆరాధన నాయకులకు ఆ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఎక్కడ చదవాలి

మన దేశంలో దీనికి పాత, గట్టి దారి శ్రీరాంపూర్. 1818లో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డు స్థాపించిన కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. 1918 బెంగాల్ చట్టంతో సెనేట్ ఏర్పడింది. దేశంలో అనేక వేదాంత కళాశాలలు ఈ సెనేట్‌కు అనుబంధంగా నడుస్తున్నాయి. తెలుగువారికి దగ్గరిది ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. వేరువేరు సంఘాలవాళ్ళు కలిసి 1964లో రాజమండ్రిలో మొదలుపెట్టారు, తరువాత హైదరాబాదుకు తరలింది. బెంగుళూరులో 1910 నుంచీ ఉన్న యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఇంకొకటి. డిగ్రీ అయినవాళ్ళకు బి.డి. సాధారణంగా నాలుగేళ్ళు, ఆపైన ఎం.టిహెచ్. రెండేళ్ళు. ఇల్లు, ఉద్యోగం వదిలి నాలుగేళ్ళు వెళ్ళలేనివాళ్ళే ఎక్కువని నాకు తెలుసు. వాళ్ళ కోసం ఇంటి దగ్గర ఉండి చదివే క్రైస్తవ అధ్యయనాల కోర్సులను కూడా శ్రీరాంపూర్ సెనేట్ నడుపుతోంది. డిప్లొమాతో మొదలుపెట్టవచ్చు. బ్యాంకులో, బడిలో పనిచేస్తూ ఆదివారం పాటలు నడిపించేవాళ్ళకు నేను మొదట చెప్పేది దీని గురించే.

సువార్తిక సంఘాల కాలేజీలు చాలావరకు 1970లో ఏర్పడిన ఆసియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపుతో నడుస్తాయి. చేరే ముందు గుర్తింపు ఎవరిది అని అడగండి. సిగ్గుపడకండి. మూడు నెలల్లో మాస్టర్స్, ఆరు నెలల్లో డాక్టరేటు ఇస్తామని, కవరులో ఇంత పెట్టి పంపితే పేరు ముందు డాక్టరు పెట్టుకోవచ్చని చెప్పేవాళ్ళు మన జిల్లాల్లోనూ తిరుగుతున్నారు. సంఘం ముందు నిలబడి సత్యాన్ని పాడించేవాడు కొన్న పట్టాను గోడకు వేలాడదీయడం పాపం. ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.

ఆరాధన ఒక్కటే ప్రత్యేక విషయంగా మాస్టర్స్, డాక్టరేటు చేసే చోట్లు ఎక్కువగా అమెరికాలో ఉన్నాయి. వాటిలో ఫ్లోరిడాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ వర్షిప్ స్టడీస్ గురించి తెలుసుకోవాలి. రాబర్ట్ వెబ్బర్ దాన్ని స్థాపించారు, ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. మిషనరీల బిడ్డగా 1933లో కాంగోలో పుట్టిన ఆయన వీటన్ కాలేజీలో మూడు దశాబ్దాలు బోధించి, 2007లో ప్రభువు దగ్గరకు వెళ్ళారు. ముందుకు వెళ్ళాలంటే ఆదిమ సంఘం ఎలా ఆరాధించిందో నేర్చుకోవాలన్నది ఆయన జీవితకాలపు వాదన. ఆరాధనను ఆయన నాలుగు కదలికలుగా చూశారు. దేవుడు మనల్ని కూర్చడం, వాక్యం వినడం, బల్ల దగ్గరకు రావడం, లోకంలోకి పంపబడటం. ఇది డిగ్రీ లేకుండా కూడా రేపే వాడుకోగల పాఠం. మీ పాటలను వరసగా ఐదు కొట్టేసి కూర్చోకుండా, ఏ పాట కూర్చేది, ఏది వాక్యానికి జవాబు చెప్పేది, ఏది బల్లకు సిద్ధపరిచేది, ఏది పంపేది అని విడదీసి పెట్టండి. మా సంఘంలో అలా మొదలుపెట్టాక చివరి పాటకు జనం చెప్పుల కోసం లేవడం మానేశారు.

ఇంకా, యేల్ విశ్వవిద్యాలయంలో 1973లో ఏర్పడిన పవిత్ర సంగీత సంస్థలో సంగీత పాఠశాల, వేదాంత పాఠశాల రెండూ కలిసి చదువు చెబుతాయి. గ్రాండ్ రాపిడ్స్‌లో 1997లో మొదలైన కాల్విన్ ఆరాధన సంస్థ ఇంటర్నెట్‌లో పెట్టిన పాఠాలు ఇక్కడి నుంచి ఉచితంగా చదువుకోవచ్చు. అమెరికాలో తెలుగు సంఘాల్లో పాడే పిల్లలకు ఇవి దగ్గర. మనకు దూరం, ఖరీదు. నిజం చెప్పాలంటే వెళ్ళేవాళ్ళు ఒకరిద్దరే ఉంటారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలి, వచ్చి నేర్పాలి.

నా మనసుకు దగ్గరైన బడి మాత్రం మనీలాది. ఫిలిప్పీన్స్ సంగీతకర్త ఫ్రాన్సిస్కో ఫెలిసియానో 1980లో అక్కడ ఆసియా ఆరాధన, సంగీత సంస్థను స్థాపించారు. ఆసియా దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు తమ ఊరి వాయిద్యంతో, తమ ఊరి వరసతో దేవునికి పాట కట్టడం నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. మన పొరుగున మదురైలోని తమిళనాడు వేదాంత కళాశాలలో థియోఫిలస్ అప్పావు అదే పని చేశారు. పల్లె జనం పాడుకునే జానపద వరసల్లో తమిళ ఆరాధన క్రమం కట్టారు. పాడలేమనుకున్న కూలి జనం ఆ వరసలను తమవిగా గుర్తుపట్టారు. మనకు బుర్రకథ ఉంది, కోలాటం ఉంది, భజన ఉంది. వాటిని ఆరాధనలోకి తెచ్చే చదువు మనకింకా సరిగా మొదలు కాలేదు.

తరువాత సంగీతం

ఇక్కడ మళ్ళీ ఆ చిన్న అక్షరాల దగ్గరకు రావాలి. పురుషోత్తమ చౌదరిగారు 1803 నుంచి 1890 దాకా జీవించారు. ఒడిశా సరిహద్దు సీమలో సేవ చేసిన క్రైస్తవ కీర్తనల కవి. ఆయనా, ఆయన తరువాతివాళ్ళూ తెలుగువాడికి తెలిసిన రాగాల్లో, తాళాల్లో సువార్తను పోశారు. ఆ రాగాలు ఇప్పుడు ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. విజయనగరంలో 1919లో మహారాజావారు స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా ఉన్న కళాశాల ఉంది. విజయవాడలో ఘంటసాల పేరున ఒకటి, హైదరాబాదులో త్యాగరాజు పేరున ఒకటి ఉన్నాయి. వాటిలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి.

"అక్కడ నేర్పే కీర్తనలు వేరే దేవుళ్ళ మీదివి కదా బ్రదర్" అని నన్ను చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే. నేను సంగీతం నేర్చుకోవడానికి ఒక గురువుగారి ఇంటికి వెళ్ళిన మొదటి రోజే, నేను క్రైస్తవుణ్ణి, మా మందిరంలో పాడించడం కోసం నేర్చుకుంటున్నాను అని చెప్పాను. ఆయన, "స్వరం సరిగా పలకండి, ఎవరి కోసం పలుకుతారో అది మీ ఇష్టం" అన్నారు. ఏడాదిపాటు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలే నడిచాయి. దాపరికం లేకుండా, గౌరవంగా వెళితే తలుపు తెరుచుకుంటుంది.

పాశ్చాత్య సంగీతం వైపు మొగ్గు ఉన్నవాళ్ళకు లండన్ ట్రినిటీ కాలేజీ, ఏ.బి.ఆర్.ఎస్.ఎం. పరీక్షలు మన దేశంలోనూ జరుగుతాయి, ఒకటి నుంచి ఎనిమిది గ్రేడ్లు. స్వరలిపి చదవడం వస్తుంది, నాలుగు గొంతుల్లో క్వయర్‌ను నడపడం వస్తుంది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటను నొక్కి బతికే అలవాటు పోతుంది.

అయితే ఏ పరీక్షలోనూ అడగని సంగతి ఒకటుంది, సంఘం గొంతు ఎంతవరకు వెళుతుందో తెలుసుకోవడం. గాయకుల్లో మగవారు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శృతిలో, ఆడవారు ఐదు, ఐదున్నరలో పాడతారు. మందిరంలో ఇద్దరూ కలిసి పాడాలి. పక్కన పిల్లలు, ముసలివాళ్ళు. శిక్షణ లేని గొంతుకు హాయిగా ఉండేది ఒక స్థాయి, దానిమీద ఒకటి రెండు స్వరాలు. కీబోర్డు భాషలో చెప్పాలంటే సి నుంచి పై సి, మరీ అయితే పై డి. మగవారు దాన్నే ఒక స్థాయి కింద పాడతారు. స్టూడియోలో పేరున్న గాయకుడు పాడిన స్కేలులోనే మీరూ ఎత్తుకుంటే అనుపల్లవికి వచ్చేసరికి సంఘం నోరు మూసుకుంటుంది. భక్తి తగ్గి కాదు, గొంతు అందక. పాటలోని అన్నిటికన్నా పై స్వరం ఏదో ముందు చూసుకుని శృతి పెట్టండి. మీ గొంతు మెరిసే శృతి వదులుకోవలసి వస్తుంది. వదులుకోండి.

నాలుగు ఆదివారాలు మీ ఫోనును రికార్డింగులో పెట్టి వెనక బల్ల మీద ఉంచండి, మిక్సర్ దగ్గర వద్దు. ఇంటికి వెళ్ళి వినండి. మీ గొంతు తప్ప ఏమీ వినిపించకపోతే మీ శిక్షణ ఎక్కడ మొదలుకావాలో తెలుస్తుంది. ఐదో ఆదివారం ఒక చరణానికి వాయిద్యాలన్నీ ఆపించి మైకు నుంచి ఒక అడుగు వెనక్కి జరగండి. మొదటిసారి నేను అలా జరిగినప్పుడు రెండు మూడు క్షణాలు మందిరం తడబడింది. తరువాత వెనక నుంచి ఒక రైతు గొంతు అందుకుంది, దాని వెంట అందరూ వచ్చారు.

చెల్లెళ్ళకు ఒక మాట. చాలా సంఘాల్లో క్వయర్‌లో సగానికి పైగా ఆడపిల్లలే, శిక్షణకు పంపేటప్పుడు మాత్రం కుర్రవాళ్ళ పేర్లే రాస్తారు. 2013లో సి.ఎస్.ఐ. తన మొదటి మహిళా బిషప్పుగా నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలితగారిని అభిషేకించింది. తెలుగు స్త్రీ. వేదాంత విద్య మీకు కాదని ఎవరైనా అంటే ఆ సంవత్సరం గుర్తుచేయండి. సంఘ పెద్దలకు కూడా విన్నపం. పండుగకు స్పీకర్లు కొనే డబ్బులో కొంత తీసి ఒక్క పాటగత్తె చదువుకు ఏటా పెట్టండి.

ఇవన్నీ ఏళ్ళ పనులు. దరఖాస్తులు, సెలవులు, ఫీజులు కుదరాలి. ఒక పని మాత్రం ఈ వారమే ఉంది. ఆ మామ్మగారు పోయి ఆరేళ్ళయింది. ఆవిడకు తెలిసిన వరసల్లో నేను ఫోనులో పట్టుకున్నవి పదిహేడు. మిగతావి ఆవిడతోనే వెళ్ళిపోయాయి. మీ సంఘంలో కూడా అలాంటి పెద్దావిడ, పెద్దాయన ఉంటారు. కీర్తనల పుస్తకం చేత్తో పట్టుకుని ఈ ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళండి. పల్లవి పైనున్న అక్షరాలు చదివి వినిపించి, ఈ పాట మీ అమ్మగారు ఎలా పాడేవారో ఒక్కసారి పాడండమ్మా అని అడగండి.